కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అనుకునేవాళ్లకి: టైర్లు, బెల్టుల గురించి

అందరికీ నమస్కారం. కారు టైర్లు, బెల్టులు ఎప్పుడు మార్చాలి అన్నది ఇవాళ్టి విషయం. అసలు మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని వివరణే. కారులో రబ్బరుతో చేసిన ఏ భాగానికైనా రెండు లెక్కలుంటాయి. ఎంత తిరిగింది అన్నది ఒకటి, తయారై ఎన్నాళ్లయింది అన్నది రెండోది. మనలో చాలామంది మొదటి లెక్క ఒక్కటే చూస్తాం. "బండి ఎక్కడ తిరిగిందండీ, ఎనిమిదేళ్లలో ముప్పై వేలు కూడా దాటలేదు" అని ధీమాగా చెప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఎందుకంటే వాళ్లు టైరుని పట్టించుకోరు, బెల్టుని అసలే పట్టించుకోరు, ఎప్పుడో ఏడాదికోసారి కుటుంబమంతా ఎక్కి దూరప్రయాణానికి బయల్దేరతారు, అదీ నిండు బరువుతో, మంచి ఎండలో, వేగంగా.

రబ్బరు తయారైన రోజు నుంచే మారడం మొదలుపెడుతుంది. గాలిలోని ఆక్సిజన్ దాన్ని మెల్లగా గట్టిపరుస్తుంది. ఓజోన్ పైపొరని సన్నగా చీలుస్తుంది. ఎండా వేడీ ఈ రెండు పనుల్నీ తొందరపెడతాయి. దీన్ని ఆపడానికి టైరు తయారుచేసేటప్పుడే రబ్బరులో మైనం, ఓజోన్‌ని అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతూ ఉంటే అవి లోపలి నుంచి పైకి ఊరుతూ, రబ్బరు మీద కాపుగా నిలబడతాయి. నెలల తరబడి ఒకేచోట నిలబడిపోయిన కారుకి ఆ ఊట తగ్గిపోతుంది, పైగా బరువంతా టైరు ఒక్క భాగం మీదే పడి ఉంటుంది. అందుకే తక్కువ తిరిగిన కారు టైరు దగ్గరికెళ్లి కూర్చుని చూస్తే, ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే గాళ్ల భాగం, కొత్తదానిలా ఉంటుంది, పక్క గోడైన సైడ్‌వాల్ మీద మాత్రం వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. గాళ్లు లోతుగా ఉన్నాయి కాబట్టి టైరు బాగుందని అనుకోవడం ఇక్కడే మోసం చేస్తుంది.

మరి వయసు ఎలా తెలుస్తుంది? టైరు పక్కన డీఓటీ (DOT) అని మొదలయ్యే ఒక వరుస ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉందంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైన టైరు. 2000 సంవత్సరానికి ముందు మూడు అంకెలే వేసేవాళ్లు, కాబట్టి ఎక్కడైనా మూడే కనిపిస్తే ఆ టైరు మీద ఇంకో కిలోమీటరు కూడా వెళ్లకండి. ఇంకో చిక్కుంది. ఈ తేదీ చాలా టైర్లకి ఒక పక్కనే ఉంటుంది, బిగించేటప్పుడు ఆ పక్క లోపలికి వెళ్లిపోయి ఉండొచ్చు. బయట వైపు కనిపించకపోతే ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వెనక వాటికైతే కిందికి వంగి ఫోన్ లైటు వేసి చూడండి. ఐదు నిమిషాల పని.

ఎన్నేళ్లకి మార్చాలి అంటే అందరూ ఒకే మాట చెప్పరు. కార్ల కంపెనీల్లో కొన్ని ఆరేళ్లకి మార్చేయమని మాన్యువల్లో రాస్తాయి. టైర్ల తయారీదార్లలో కొందరు ఐదేళ్లు దాటాక ఏటా తెలిసినవాళ్లకి చూపించండి, పదేళ్లు నిండితే ట్రెడ్ ఎంత మిగిలినా తీసేయండి అంటారు. నేనైతే ఎండలో నిలబడే కారుకి ఆరేళ్ల లెక్కే చెప్తాను. నీడలో ఉండి, గాలి ఎప్పుడూ సరిగ్గా ఉండి, పగుళ్లు లేకపోతే ఇంకొన్నాళ్లు చూడొచ్చు. పదేళ్లు దాటిన తర్వాత మాత్రం నా దగ్గర ఏ వాదనా చెల్లదు. ఈ లెక్క స్టెప్నీకి కూడా వర్తిస్తుంది, అది ఒక్కసారీ నేల తాకకపోయినా సరే. పాత స్టెప్నీ చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, అవసరపడి వేసుకుని అదే వేగంతో వెళ్తే ఏమవుతుందో చెప్పలేం. కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా బిగించకముందే ఆ నాలుగంకెలూ చూడండి. గోడౌన్‌లో రెండు మూడేళ్లు ఉన్న టైరు అయితే మార్చి ఇవ్వమని అడగడంలో తప్పులేదు.

ట్రెడ్ బాగానే ఉండి కూడా టైరు ప్రాణం తీయగలదని ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది 2000 సంవత్సరంలో. ఆ ఏడాది ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో 65 లక్షల టైర్లని వెనక్కి పిలిపించింది. వాటిలో చాలా టైర్లు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి ఉండేవి. వేగంగా వెళ్తుండగా ట్రెడ్, దాని కింద ఉండే స్టీల్ పొరతో సహా ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి, 200 మందికి పైగా చనిపోయారు. డిజైన్ లోపాలు, తయారీ లోపాలు అన్నీ చర్చకొచ్చాయి, వాటితో పాటు వేడి, తక్కువ గాలి, ఎక్కువ బరువు అనే మూడూ కూడా. దాని తర్వాతే అక్కడ కొత్త చట్టం వచ్చింది, టైరులో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద లైటు వెలిగే ఏర్పాటు కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. ఇవాళ మీ కారులో ఆ పసుపు లైటు ఉందంటే దాని వెనక అంత కథ ఉంది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఉండాల్సిన గాలిలో పాతిక శాతం దాకా తగ్గితే గానీ ఆ లైటు వెలగకపోవచ్చు. లైటు వెలగలేదు కాబట్టి గాలి సరిపోయిందని కాదు.

గాలి గురించి ఇక్కడే చెప్పేస్తాను, టైరు ఆయుష్షు సగం దాని చేతిలోనే ఉంది. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతాయి, ఆ వంగడంలో వేడి పుడుతుంది, ఆ వేడి లోపలి పొరల అతుకుని వదులు చేస్తుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే అక్కడ స్టిక్కరు మీద ఎంత గాలి పెట్టాలో రాసి ఉంటుంది, అదే పెట్టండి. టైరు మీద అచ్చు వేసిన అంకె ఆ టైరు గరిష్ఠంగా తట్టుకునే ఒత్తిడి, అది మీ కారుకి పెట్టాల్సిన గాలి కాదు. కొలవడం ఎప్పుడైనా బండి చల్లగా ఉన్నప్పుడే. కాసేపు తిరిగొచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు అరుగుదల. కొత్త కారు టైరుకి గాడి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే చాలా దేశాల్లో చట్టం ప్రకారం ఆ టైరు పనికిరాదు. అది చూడ్డానికి పరికరం కూడా అక్కర్లేదు. పెద్ద గాళ్ల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చెప్పడానికి టైరు అంచున చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ (TWI) అన్న అక్షరాలో ఉంటాయి. చుట్టూ ఉన్న ట్రెడ్ అరిగి ఆ గట్లతో సమానమైతే 1.6కి వచ్చేసినట్టే. మార్చేయాలి, అక్కడ ఇంక ఆలోచించేదేమీ లేదు.

కానీ 1.6 దాకా ఆగాలా అన్నది వేరే ప్రశ్న. నా సమాధానం, ఆగొద్దు. నాలుగు టైర్లూ కలిపి రోడ్డుని పట్టుకునే జాగా ఎంతో తెలుసా? ఒక్కో టైరుకి దాదాపు ఒక అరచెయ్యంత. అంతే. వాన పడినప్పుడు ఆ అరచేతి కింద నుంచి నీటిని పక్కకి తోసేయడమే గాళ్ల పని. గాడి లోతు తగ్గేకొద్దీ తోయగలిగే నీళ్లు తగ్గుతాయి, ఒక వేగం దాటాక టైరు నీటి మీద తేలిపోతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బ్రేకు తొక్కినా బండి వినదు. పొడి రోడ్డు మీద అరిగిన టైరు బాగానే పట్టుకుంటుంది, అందుకే అందరూ మోసపోతారు, తేడా తెలిసేది తడి రోడ్డు మీదే. అందుకని 3 మిల్లీమీటర్లకి రాగానే కొత్తవాటి గురించి ఆలోచించడం మొదలుపెట్టండి. వానాకాలం దగ్గరపడుతుంటే ఆలోచించడం కూడా కాదు, మార్చేయండి. లోతు కొలిచే చిన్న గేజి కొనుక్కోండి, ఒక్కో టైరుని లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా కొలవండి.

మూడుచోట్లా ఎందుకంటే, టైరు ఎక్కడ అరిగిందో చూస్తే బండి జబ్బు తెలుస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నారు. రెండు అంచులూ అరిగి మధ్యలో మిగిలితే తక్కువ గాలితో తిరుగుతున్నారు. ఒకే అంచు, ముఖ్యంగా లోపలి అంచు, నున్నగా అయిపోయిందంటే చక్రాల కోణాల అమరిక, అంటే అలైన్‌మెంట్ పోయింది. లోపలి అంచు బయటికి కనిపించదు కాబట్టి ఎదురుగా నిలబడి చూసి బాగుందనుకుంటాం, లోపల మాత్రం స్టీలు తీగలు తేలి ఉంటాయి. ట్రెడ్ మీద అరచేత్తో ఇటు నుంచి అటు నిమిరితే నునుపుగా, అటు నుంచి ఇటు నిమిరితే రంపంలా గరుకుగా తగిలితే చక్రాల దిశలో తేడా ఉంది, అదీ అలైన్‌మెంట్ పనే. నిమిరే ముందు తీగలేమైనా పొడుచుకొచ్చి ఉన్నాయేమో చూడండి, చెయ్యి కోసుకుపోతుంది. ఇంక అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయి ఉండొచ్చు, లేదా చక్రం బరువు చుట్టూ సమానంగా లేదు, అంటే బ్యాలెన్సింగ్ లేదు. ఇవేవీ సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే, అవి కూడా కొన్ని నెలల్లో అదే పద్ధతిలో అరిగిపోతాయి. డబ్బంతా దండగ. ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి టైర్లని ముందూ వెనకా మార్చుకుంటూ ఉంటే అన్నీ సమానంగా అరుగుతాయి, ఇలాంటి తేడాలు కూడా తొందరగా కంటపడతాయి.

అరుగుదలతో, వయసుతో సంబంధం లేకుండా వెంటనే తీసేయాల్సిన టైర్లు కొన్నున్నాయి. సైడ్‌వాల్ మీద బుడిపె లేచిందంటే, గుంటలో గట్టిగా పడినప్పుడు లోపలి దారాలు తెగిపోయాయన్నమాట, ఇప్పుడు గాలిని ఆపుతున్నది పైనున్న రబ్బరు ఒక్కటే. "చిన్నదే కదా" అంటారు. చిన్నది పెద్దదయ్యే టైము మీకు చెప్పి రాదు. స్టెప్నీ వేసుకుని మెల్లగా షాపుకి వెళ్లండి. దారాలు కనిపించేంత కోత పడినా అంతే. పంక్చర్ సంగతికొస్తే, ట్రెడ్ మధ్య భాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రం అయితే టైరు విప్పించి, లోపలి నుంచి ప్యాచ్, రంధ్రంలో ప్లగ్ రెండూ వేయించుకుంటే సరైన రిపేరు. అంచు దగ్గర గానీ, పక్క గోడకి గానీ పడితే రిపేరు లేదు. గాలి పోయిన టైరు మీదే కొంత దూరం నడిపి ఉంటే లోపల రబ్బరు నలిగి పొడి రాలుతుంది, బయటికి ఏమీ తెలియదు, అందుకే విప్పి లోపల చూడమనడం.

రెండే టైర్లు మారుస్తుంటే కొత్తవి ముందు వేయాలా వెనకా? చాలామంది ముందు అంటారు, ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కదా అని. కాదు, వెనక వేయించండి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని సరిదిద్దడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి అయితే నాలుగూ ఒకే లోతులో ఉండటం ముఖ్యం, మాన్యువల్ ఎంత తేడా ఒప్పుకుంటుందో చూడండి.

టైర్లు ఇక్కడికి చాలు. బెల్టులకి వద్దాం.

బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన కనిపించే బెల్టు ఒకటి, కవరు కింద దాక్కున్న బెల్టు ఇంకొకటి. ఈ రెండింటికీ పోలికే లేదు. బయట కనిపించేదాన్ని ఇప్పటికీ చాలామంది ఫ్యాన్ బెల్టు అనే అంటారు, నేటి కార్లలో అది ఫ్యాన్‌ని తిప్పకపోయినా సరే. అది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్ పంపుని, కొన్నిట్లో వాటర్ పంపుని తిప్పుతుంది. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, వాటర్ పంపు దాని మీదే ఉంటే ఇంజిన్ వేడెక్కిపోతుంది. అలా జరిగితే వెంటనే పక్కకి తీసి ఆపేయాలి.

పాత మెకానిక్కులు బెల్టుని వంచి పగుళ్లు చూసేవాళ్లు. అప్పటి బెల్టులు నియోప్రీన్ రబ్బరువి, వయసైతే అడ్డంగా పగిలేవి. ఇప్పటివి చాలావరకు ఈపీడీఎం రబ్బరువి. ఇవి పగలవు, అరుగుతాయి. బెల్టు లోపలి వైపు ఉండే పక్కటెముకల్లాంటి గీతల మధ్య సందు వెడల్పవుతుంది, బెల్టు పుల్లీలోకి మరీ లోతుగా దిగిపోతుంది, జారడం మొదలుపెడుతుంది. కాబట్టి పగుళ్లు లేవు, బాగుంది అన్న పాత పరీక్ష ఇప్పుడు పనిచేయదు. దీనికీ చిన్న ప్లాస్టిక్ గేజీలు దొరుకుతాయి. సుమారు 60 వేల కిలోమీటర్ల నుంచి ప్రతి సర్వీసుకీ కొలిపించండి. బెల్టు మీద మెరుపు, అంచుల్లో దారాలు ఊడటం, ఒక గీత మొత్తం లేచిపోవడం, ఆయిల్ గానీ కూలెంట్ గానీ పడి మెత్తబడటం, వీటిలో ఏది కనిపించినా మార్చేయాలి. ఆయిల్ పడిన చోట ముందు లీకు ఆపాలి, లేకపోతే కొత్త బెల్టుకీ అదే గతి.

ఇది కాస్త నయం, ఎందుకంటే పోయేముందు చాలాసార్లు అరుస్తుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే, లేదా ఏసీ వేయగానే కీచుమంటే అది జారుతోంది. అదే పిచ్చుక కూతలా చిన్నగా, ఆగి ఆగి వస్తుంటే పుల్లీలు ఒక వరుసలో లేకపోవచ్చు. మెకానిక్కులు బెల్టు మీద కొంచెం నీళ్లు చల్లి చూస్తారు. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే వరుస సమస్య, పెరిగితే బిగువు సమస్య. మీరు మాత్రం నడుస్తున్న ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టకండి, చున్నీలు, వదులుగా ఉన్న చొక్కా చేతులు, గొలుసులు అసలు దగ్గరికి రానివ్వకండి. బెల్టు మార్చేటప్పుడు బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీల బేరింగులు కూడా తిప్పి చూడమనండి, గరగరమంటే వాటినీ మార్చాలి. శబ్దం ఆపడానికి బెల్టు మీద కొట్టే స్ప్రేల మీద నాకు నమ్మకం లేదు. శబ్దం ఆగుతుంది, కారణం అలాగే ఉంటుంది.

కవరు కింద ఉన్న టైమింగ్ బెల్టు అరవదు. అందుకే దాని గురించి నాకు ఎక్కువ ఆందోళన. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో దీన్ని మొదట తెచ్చింది జర్మనీకి చెందిన గ్లాస్ కంపెనీ, 1962లో, గ్లాస్ 1004 అనే కారులో. అంతకుముందు చెయిన్లు, గేర్లు ఉండేవి. బెల్టు తేలిక, శబ్దం ఉండదు, ఆయిల్ అక్కర్లేదు, అందుకే వ్యాపించింది. దాని పని, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే, గాలీ పొగా వచ్చిపోయే వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా చూడటం. ఒకటి రెండు పళ్లు జారినా వాల్వులు తప్పు సమయంలో తెరుచుకుంటాయి. చాలా ఇంజిన్లలో వాల్వు కిందికి దిగే జాగా, పిస్టన్ పైకి వచ్చే జాగా ఒకటే, వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగిన క్షణంలో ఆ వంతులు పోతాయి, పిస్టన్ వచ్చి వాల్వుల్ని గుద్దుతుంది, వాల్వులు వంగిపోతాయి. ఇంజిన్ పైభాగమైన హెడ్డు దించాలి, అదృష్టం బాగోకపోతే పిస్టన్లూ పోతాయి. బెల్టు మార్పించే ఖర్చుకి ఎన్నో రెట్లు అవుతుంది. అదీ బండి వేగంగా వెళ్తున్నప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా చచ్చిపోతే, వెనక నుంచి లారీ వస్తుంటే, ఖర్చు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

దీనికి చూసి చెప్పే పద్ధతి నమ్మదగింది కాదు. కవరు తీసి చూస్తే పళ్ల దగ్గర పగుళ్లు, అంచుల్లో పోగులు ఉంటే సరే, తెలిసిపోతుంది. ఏమీ లేకపోయినా బాగుందని హామీ లేదు, లోపలి తీగలు అలసిపోవడం కంటికి కనిపించదు. కాబట్టి మాన్యువల్ చెప్పిందే వినాలి. ఇంజిన్‌ని బట్టి 60 వేల నుంచి లక్షా 60 వేల కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె ఉంటుంది, దాని పక్కనే చాలాసార్లు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, ఏది ముందు వస్తే అది. మన ముప్పై వేల కారు మళ్లీ ఇక్కడ దొరికిపోతుంది. కిలోమీటర్ల గడువు చాలా దూరంలో ఉంటుంది, ఏళ్ల గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మార్చేటప్పుడు టెన్షనర్, ఐడ్లర్లు కలిపి కిట్టు వేయించండి, వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరిగే ఇంజిన్ అయితే అదీ మార్చండి. రేపు ఆ పంపు పోతే ఇదే పని మొత్తం మళ్లీ విప్పాలి కాబట్టి.

ఇక్కడ ఒకరు అడుగుతున్నారు, మా ఇంజిన్‌కి చెయిన్ ఉంది కదా, మాకీ గొడవ లేదా అని. చెయిన్‌కి మామూలుగా గడువు ఉండదు, కానీ ఆయిల్ టైముకి మార్చకపోతే అది సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కొన్ని క్షణాలు గలగలమంటే చూపించండి. ఇంకో రకం కూడా ఉంది, ఇంజిన్ ఆయిల్లో మునిగి తిరిగే బెల్టు. దానికి ఆయిల్ విషయంలో చాలా జాగ్రత్త కావాలి, కంపెనీ చెప్పిన ప్రమాణం ఉన్న ఆయిలే పోయాలి. డబ్బా మీద ఆయిల్ చిక్కదనం చెప్పే 5డబ్ల్యూ-30 అన్న అంకె కలిసినంత మాత్రాన సరిపోదు. తప్పు ఆయిల్ పడితే బెల్టు ఉబ్బి పొడిగా రాలుతుంది, ఆ పొడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది, అప్పుడు బెల్టు తెగకముందే ఇంజిన్‌కి ఆయిల్ అందదు.

ఎలక్ట్రిక్ కారు గురించి ఇంకొకరు. వాటికి టైమింగ్ బెల్టు లేదు, నిజమే. కానీ బ్యాటరీ బరువు, మోటారు లాగుడు వల్ల టైర్లు తొందరగా అరగొచ్చు. వాటి టైర్లని మరింత తరచుగా కొలవండి.

చివరిగా వెనక నుంచి ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది. పాత కారు కొన్నాను, టైమింగ్ బెల్టు మార్చారో లేదో తెలియదు, అమ్మినాయన మార్చానంటున్నాడు, ఏం చేయాలి అని. బిల్లు అడుగమ్మా. తేదీ, కిలోమీటర్లు, ఏ భాగాలు మార్చారో రాసిన బిల్లు. అది లేకపోతే మార్చలేదనే లెక్క, దూరప్రయాణాలు పెట్టుకోకముందే కిట్టు వేయించు. వేయించిన రోజే తేదీ, మీటరు రీడింగ్ ఒక స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల అంటించు, మళ్లీ ఎప్పుడు మార్చాలో కూడా అందులోనే రాయి. ఆ పక్కనే నాలుగు టైర్లవీ స్టెప్నీదీ తయారీ తేదీలు రాసుకుంటే ప్రతిసారీ కింద పడుకుని వెతుక్కునే పని ఉండదు.